ల్యాప్‌టాప్ బల్ల నుంచి కాలేజీ రసీదు దాకా: ప్రాజెక్టు డైరీ, 2025

హనుమకొండ కేంద్రంగా నడిచే ఈ ప్రాజెక్టులో రెండు పనులున్నాయి. హైదరాబాద్ కంపెనీలు పక్కన పెట్టిన ల్యాప్‌టాప్‌లను కొని, బాగుచేసి, వారంటీతో అమ్మడం ఒకటి. ఆ మిగులుతో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు నుంచి వచ్చే పేదింటి పిల్లలు డిగ్రీ, ఇంజినీరింగ్ సీట్లలో చేరి నిలబడేలా చూడడం రెండోది. ఇలాంటి పని మొదలుపెట్టాలనుకునేవాళ్లకు ఉపయోగపడాలని ఏడాది పొడవునా రాసుకున్న నోట్సు ఇది.

మొదట ఒక మాట. తెలంగాణలో పేద విద్యార్థికి ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది. అయినా పిల్లలు సీటు వదులుకుంటున్నారు. సీటు ఖాయం చేసుకోవడానికి డబ్బు కట్టాల్సింది జూన్, జూలై, ఆగస్టు నెలల్లో. సర్కారు డబ్బు వచ్చేసరికి ఏడాది దాటుతుంది. ఈ మధ్య కాలాన్ని దాటించడమే మా పని. లక్ష రూపాయల స్కాలర్‌షిప్ డిసెంబరులో ఇచ్చేకంటే, జూలై మూడో వారంలో చేతికందే 10 వేలు ఎక్కువ చదువులను నిలబెడతాయి. కింద రాసిన ప్రతి నిర్ణయం వెనక ఉన్నది ఈ లెక్కే.

జనవరి – లాట్లు కొనడం

విండోస్ 10కి 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ మద్దతు ఆగిపోతుంది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం ప్రాసెసర్ నుంచే నడుస్తుంది. అందుకే ఈ ఏడాది కంపెనీలు 6, 7 తరాల యంత్రాలను కుప్పలుగా వదిలించుకుంటున్నాయి. చవగ్గా దొరుకుతున్నాయని ఆశపడితే విద్యార్థికి రెండేళ్లలో పనికిరాని పెట్టె మిగులుతుంది. మా నియమం: అమ్మకానికి 8వ తరం, ఆపైనవే. 7వ తరం మంచి స్థితిలో, దాదాపు ఉచితంగా వస్తే లినక్స్ మింట్ (విండోస్‌కు బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి చదువు కేంద్రాలకు ఇస్తాం, అమ్మం.

ఏరుకునే మోడళ్లు: లెనోవో థింక్‌ప్యాడ్ టీ480, డెల్ లాటిట్యూడ్ 5490, 7490, హెచ్‌పీ ఎలైట్‌బుక్ 840 జీ5. వీటన్నిటికీ ర్యామ్ స్లాట్లు రెండేసి ఉంటాయి, ఎస్ఎస్‌డీ మార్చుకోవచ్చు, విడిభాగాలు సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గరి చినాయ్ ట్రేడ్ సెంటర్‌లో దొరుకుతాయి. ర్యామ్ బోర్డుకే అతికించి ఉన్న సన్నటి మోడళ్లు ఎంత అందంగా ఉన్నా తీసుకోం. 4 జీబీతో వచ్చినది 4 జీబీతోనే పోవాలి.

కొనుగోలు కాగితాలు ముందే తేల్చుకోవాలి. ఈ–వేస్ట్ నిబంధనలు 2022 ప్రకారం పాత పరికరాలు బాగుచేసి అమ్మేవాళ్లు కూడా కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో రిఫర్బిషర్‌గా నమోదు కావాలి. అది లేకపోతే పెద్ద కంపెనీ ఏదీ లాటు (ఒకేసారి కలిపి అమ్మే యంత్రాల కుప్ప) ఇవ్వదు. ఇన్వాయిస్‌లో ప్రతి యంత్రం సీరియల్ నంబరు ఉండాలి. లాటు మొత్తానికి కలిపి ఒకే వరుస రాసిన బిల్లు తీసుకుంటే తర్వాత మార్జిన్ లెక్క, వారంటీ, దొంగసొత్తు అనుమానం మూడూ తలనొప్పులే.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు ఇంకొకటి. కంపెనీ ఐటీ విభాగం తమ ఆటోపైలట్ (కంపెనీ యంత్రాలను దూరం నుంచే సెటప్ చేసే మైక్రోసాఫ్ట్ సేవ) జాబితాలోంచి ఆ యంత్రాలను తీసేశామని రాసివ్వాలి. తీసేయకపోతే ఏమవుతుందంటే, విండోస్ కొత్తగా వేసి ఇంటర్నెట్‌కు కలపగానే పాత కంపెనీ లాగిన్ పేజీ వస్తుంది. డిస్కు మార్చినా, మళ్లీ వేసినా అదే పేజీ, ఎందుకంటే గుర్తింపు మదర్‌బోర్డు వివరాలకు ముడిపడి ఉంటుంది. ఇంటర్నెట్ లేకుండా సెటప్ దాటించే చిట్కాలు యూట్యూబ్‌లో చాలా ఉన్నాయి. విద్యార్థి ఎప్పుడో ఒకసారి రీసెట్ చేస్తే మళ్లీ అక్కడికే వస్తాడు. కంపెనీ వైపు నుంచి తీయించడమే అసలు పరిష్కారం. బయోస్ (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే లోపలి సాఫ్ట్‌వేర్) పాస్‌వర్డు కూడా ఇంతే, లాటు దింపుకునే ముందే తీయించుకోవాలి.

ఫిబ్రవరి, మార్చి – బల్ల పని

యంత్రం రాగానే వరుస ఇది: సీరియల్ నంబరుతో చీటీ, బయటి ఫొటో, బ్యాటరీ ఉబ్బిందా అని చూపు, ఆ తర్వాతే చార్జర్ పెట్టడం. టచ్‌ప్యాడ్ కొంచెం పైకి లేచి ఉన్నా, మూత సరిగా పడకపోయినా ముందు బ్యాటరీనే అనుమానించాలి. ఉబ్బిన బ్యాటరీని ప్లాస్టిక్ పుల్లతో నెమ్మదిగా విడదీస్తాం, లోహపు పనిముట్టు తాకనివ్వం. పొడి ఇసుక పోసిన ఇనుప డబ్బాలో, గది బయట ఉంచి, గుర్తింపు ఉన్న రీసైక్లర్‌కు పంపుతాం. చెత్తబండిలో వేయడం నేరమే కాదు, ఆ బండి మీద పనిచేసే మనిషికి ప్రమాదం.

డేటా తుడిచే పని. హార్డ్ డిస్కు అయితే ఒకసారి పూర్తిగా పైరాత (పాత డేటా మీద వేరేది రాయడం) సరిపోతుంది. ఎస్ఎస్‌డీకి పైరాత నమ్మకం కాదు. అది తన అరుగుదలను సమానం చేసుకోవడానికి డేటాను లోపల ఎక్కడెక్కడికో మారుస్తూ ఉంటుంది, మనం రాసిన చోటే పాత డేటా ఉందన్న భరోసా లేదు. అందుకని డ్రైవ్ సొంత ఎరేజ్ కమాండ్ వాడాలి: పాత తరహా సాటా డ్రైవ్‌కు సెక్యూర్ ఎరేజ్, కొత్త తరహా ఎన్‌వీఎంఈ డ్రైవ్‌కు సెక్యూర్ ఫార్మాట్. సాటా డ్రైవ్ ‘ఫ్రోజన్’ అని మొరాయిస్తే ల్యాప్‌టాప్‌ను ఒకసారి స్లీప్‌లోకి పంపి లేపితే చాలాసార్లు తెరుచుకుంటుంది. తుడిచిన ప్రతి డ్రైవ్‌కు సీరియల్ నంబరుతో ధ్రువపత్రం కంపెనీకి పంపుతాం. తర్వాతి లాటు వచ్చేది ఆ కాగితం మీదే.

తెరిచే ముందు థింక్‌ప్యాడ్‌లో బయోస్‌కు వెళ్లి లోపలి బ్యాటరీని డిజేబుల్ చేయాలి. మిగతా మోడళ్లలో మూత తీయగానే మొదట బ్యాటరీ కనెక్టరు ఊడదీయాలి. స్క్రూలను బొమ్మ గీసిన కాగితం మీద ఏ చోటివి ఆ చోట పెట్టాలి. పొడుగు స్క్రూ పొట్టి రంధ్రంలో బిగిస్తే బోర్డు పొరలు చిల్లుపడతాయి, ఆ నష్టం పైకి కనబడదు, యంత్రం మాత్రం లేవదు. ఫ్యాన్‌కు గాలి కొట్టేటప్పుడు రెక్కలను వేలితో ఆపి పట్టుకోవాలి. పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది పలచగా పెట్టాలి. సీమాస్ సెల్ (యంత్రం గడియారాన్ని నడిపే చిన్న బటన్ సెల్) చచ్చిందంటే తేదీ వెనక్కి పోతుంది. తేదీ తప్పితే బ్రౌజర్ ఏ సైటూ తెరవదు. విద్యార్థి దాన్ని ‘నెట్ రావట్లేదు’ అంటాడు. ఆ సెల్ వెల చాలా తక్కువ, ప్రతి యంత్రంలో మార్చేస్తాం.

పరీక్షల్లో దాటాల్సిన గీతలు: బ్యాటరీ రిపోర్టులో పూర్తి చార్జి సామర్థ్యం అసలు సామర్థ్యంలో 60 శాతం దాటాలి, లేదంటే కొత్త బ్యాటరీ. మెమ్‌టెస్ట్ (ర్యామ్‌ను పరీక్షించే ప్రోగ్రాం) రాత్రంతా నడవాలి, ఒక్క లోపం వచ్చినా ఆ ర్యామ్ ముక్క పక్కకే. ఎస్ఎస్‌డీ తన స్థితి గురించి తానే ఇచ్చే ‘స్మార్ట్’ రిపోర్టులో అరుగుదల 30 శాతం దాటితే అమ్మే యంత్రంలో పెట్టం. ప్రతి కీ, ప్రతి యూఎస్‌బీ పోర్టు, కెమెరా, మైకు, హెడ్‌ఫోన్ జాక్ చూడాలి. ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో మైకు పనిచేయకపోవడం ఉద్యోగానికే ఎసరు.

రెండు మోడళ్ల ప్రత్యేక జాగ్రత్తలు. 2017–2019 కాలపు కొన్ని థింక్‌ప్యాడ్‌లలో థండర్‌బోల్ట్ ఫర్మ్‌వేర్ (టైప్–సీ పోర్టును నడిపే చిప్‌లోని సాఫ్ట్‌వేర్) పాతదైతే కాలక్రమంలో టైప్–సీ పోర్టు చార్జింగ్ ఆగిపోవచ్చు. తయారీదారే సవరణ ఇచ్చింది, టీ480 బల్ల మీదికి రాగానే ముందు ఆ అప్‌డేట్ వేయాలి. డెల్ గుండ్రటి చార్జర్‌లో మధ్యనున్న సన్నటి పిన్ చార్జర్ గుర్తింపును చెబుతుంది. అది వంగినా, నకిలీ చార్జర్ పెట్టినా బ్యాటరీ చార్జి కాదు, ప్రాసెసర్ వేగం బాగా పడిపోతుంది. ‘ల్యాప్‌టాప్ స్లో’ అని వచ్చే ఫిర్యాదుకు ముందు చార్జర్ చూడాలి.

విండోస్ లైసెన్సు కొనక్కర్లేదు. ఈ వ్యాపార మోడళ్లలో ప్రో లైసెన్సు కీ బయోస్‌లోనే ఉంటుంది, అదే ఎడిషన్ వేస్తే తనంతట తానే యాక్టివేట్ అవుతుంది. బజారులో దొరికే చవక కీలు ఎవరైనా వాడితే ఆ యంత్రం మా చీటీతో బయటికి పోదు.

మార్చి చివరి వారం – ఒక్కో యంత్రం లెక్క

టీ480 తరహా యంత్రానికి మా ఖర్చు అంచనా: కొనుగోలు 9,000, చార్జర్ 600, 256 జీబీ ఎస్ఎస్‌డీ 1,600, అదనపు 8 జీబీ ర్యామ్ 1,500, బ్యాటరీ 1,100 (సగం యంత్రాలకే కొత్తది కావాలని సగటు), పేస్టు, సెల్, చిన్న భాగాలు 300, పనివారి కూలి 700, వారంటీ నిల్వ 500, గది, కరెంటు 400. మొత్తం 15,700. అమ్మకం ధర 19,500.

పాత వస్తువుల అమ్మకానికి సీజీఎస్టీ నిబంధన 32(5) కింద మార్జిన్ మీదే పన్ను కట్టవచ్చు. షరతు ఏమిటంటే, కొన్నప్పటి పన్ను క్రెడిట్ తీసుకోకూడదు, చిన్నపాటి బాగుచేతే తప్ప వస్తువు స్వభావం మారకూడదు. 19,500లోంచి 9,000 తీస్తే 10,500. అందులో 18 శాతం పన్ను వాటా సుమారు 1,600. చివరికి యంత్రానికి మిగిలేది దాదాపు 2,200. ఎస్ఎస్‌డీ, ర్యామ్ లాంటి విడిభాగాల మీది క్రెడిట్ గురించి ఆడిటర్ రాతపూర్వక అభిప్రాయం వచ్చేదాకా వాటిని ఖర్చుగానే రాస్తున్నాం. వ్యాపారం పుస్తకాలు, విద్యార్థుల నిధి పుస్తకాలు వేరువేరుగా ఉండాలి. ధర్మసంస్థగా నమోదైనవాళ్లకు ఇది చట్టం కోరే పని కూడా.

అంటే వంద యంత్రాలు అమ్మితే 2 లక్షల 20 వేలు. ఇప్పుడు దీన్ని ఇంకో లెక్క పక్కన పెట్టి చూడండి. ఎంసెట్ (2024 నుంచి తెలంగాణలో ఈఏపీసెట్)లో 10 వేలు దాటిన ర్యాంకు వచ్చిన బీసీ, ఈబీసీ విద్యార్థికి రీయింబర్స్‌మెంట్ 35,000 వరకే. కాలేజీ ఫీజు 90,000 అయితే ఏటా 55,000 సొంతంగా కట్టాలి, నాలుగేళ్లకు 2 లక్షల 20 వేలు. వంద ల్యాప్‌టాప్‌ల మిగులు మొత్తం ఒకే విద్యార్థికి సరిపోతుంది. అదే డబ్బును తలా 10,000 చొప్పున, తిరిగి వచ్చే సాయంగా తిప్పితే ఒక సీజనులో 22 మంది చేరతారు, తిరిగొచ్చాక మరో 22 మంది. ఈ నిధికి ఆ రెండో దారే పట్టుకున్నాం. పెద్ద తేడా ఉన్న ఫీజుకు మందు నిధి కాదు, వెబ్ ఆప్షన్ల (కౌన్సెలింగులో కోరుకునే కాలేజీల) వరుస. దాని సంగతి మే నెలలో.

ఏప్రిల్ 22 – ఇంటర్ ఫలితాలు

ఫలితాల రోజు నుంచి కాగితాల పని. డబ్బు ఆగిపోయే చోట్లు ముప్పావు భాగం ఇక్కడే మొదలవుతాయి, కాబట్టి డబ్బు ఇచ్చే ముందు మేం చూసేది సంచిలోని కాగితాలే.

పేరు: పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా, ఆధార్‌లో ఒక్క అక్షరం, బ్యాంకు పుస్తకంలో ఇంటిపేరు చివర. మూడూ ఒకే మనిషివని యంత్రం ఒప్పుకోదు. మెమోను ఆధారంగా పెట్టుకుని ఆధార్‌ను దానికి అనుగుణంగా మార్పించాలి. ఆధార్‌లో పేరు మార్పు జీవితంలో రెండుసార్లే, అందుకే తొందరపడి తప్పు స్పెల్లింగుతో ఒక అవకాశం పోగొట్టకూడదు. ఆ తర్వాత బ్యాంకు.

ఆదాయ ధ్రువపత్రం: కౌన్సెలింగుకు ఆ ఏడాది జనవరి 1 తర్వాత ఇచ్చినదే కావాలి. పాతది ఉందని ఊరుకుంటే వెరిఫికేషన్ రోజున మీసేవ చుట్టూ తిరగాల్సి వస్తుంది, ఆ వారంలో తహసీల్దార్ ఆఫీసులో మండలంలోని పిల్లలంతా ఉంటారు. మే మొదటి వారంలోనే దరఖాస్తు చేయిస్తాం. ఈడబ్ల్యూఎస్ పత్రం ఆర్థిక సంవత్సరానికి మాత్రమే చెల్లుతుంది, ఏప్రిల్ 1 తర్వాత తీసుకోవాలి.

చదువు ధ్రువపత్రాలు: 6వ తరగతి నుంచి ఇంటర్ దాకా ఏ ఏడాదీ ఖాళీ లేకుండా. మధ్యలో వలసపోయిన కుటుంబాల పిల్లలకు ఇదే పెద్ద అడ్డంకి. మూతపడిన ప్రైవేటు బడి రికార్డులు మండల విద్యాధికారి దగ్గర వెతకాలి. ఆ పనికి రెండు మూడు వారాలు పట్టవచ్చు, అందుకని ఇలాంటి పిల్లల పేర్లు జాబితాలో అన్నిటికన్నా పైన పెడతాం.

మే – ఆప్షన్లు

దోస్త్ (డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్) రిజిస్ట్రేషన్ మొదటి విడతలో 200 రూపాయలు, తర్వాతి విడతల్లో 400. ఆధార్‌కు కలిసిన ఫోన్ నంబరు పనిచేస్తూ ఉండాలి. చాలా ఇళ్లలో ఆ నంబరు ఎప్పుడో రీచార్జి లేక పోయి ఉంటుంది. డిగ్రీకి వెళ్లే పిల్లలకు మేం చేసే సాయం ఈ దశలో దాదాపు ఉచితం: నంబరు మార్పించడం, ఫారం నింపేటప్పుడు పక్కన కూర్చోవడం.

ఈఏపీసెట్ ఫలితాలు మే 11న వచ్చాయి. ఆప్షన్ల వరుస ఎలా పెట్టాలో పిల్లలతో, తల్లిదండ్రులతో కలిసి కాగితం మీద రాయిస్తాం. నాలుగు నిలువు గీతలు: కాలేజీ, ఫీజు, రీయింబర్స్‌మెంట్ పోగా సొంతంగా కట్టేది, ఊరి నుంచి బస్సా హాస్టలా. మూడేళ్లకోసారి ఖరారు చేసే ఫీజుల్లో 2022–25 బ్లాకుకు కనీస ఫీజు 45,000, ఈ ఏడాదీ ఆ ఫీజులే కొనసాగాయి. 35,000 పరిధిలోకి వచ్చే విద్యార్థికి అక్కడ ఏటా 10,000 తేడా, 90 వేల కాలేజీలో 55,000. అదే బ్రాంచి, అదే యూనివర్సిటీ అఫిలియేషన్ అయినప్పుడు ఆ 45,000 దేనికి కడుతున్నామో ఇంటివాళ్లే తేల్చుకోగలరు. యూనివర్సిటీ సొంత కాలేజీలు వరుసలో ఎప్పుడూ పైన ఉండాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు, 10 వేలలోపు ర్యాంకర్లకు పూర్తి ఫీజు వస్తుంది, వాళ్ల వరుస వేరేగా కట్టాలి.

ఒక హెచ్చరిక. రీయింబర్స్‌మెంట్ కన్వీనర్ కోటా (ప్రభుత్వ కౌన్సెలింగులో వచ్చే) సీటుకే. 30 శాతం మేనేజ్‌మెంట్ కోటాకు రాదు, స్పాట్ అడ్మిషన్‌కూ రాదు. ‘చేరండి, ఫీజు గవర్నమెంటే ఇస్తుంది’ అని ఊళ్లకు వచ్చి చెప్పేవాళ్ల మాట నమ్మి చేరిన పిల్లలు మొదటి ఏడాది చివర్లో మొత్తం ఫీజు కట్టాల్సి వచ్చి చదువు ఆపేస్తున్నారు. చేరకముందు అలాట్‌మెంట్ ఆర్డరు చేతిలో ఉండాలి.

జూన్ 28 నుంచి ఆగస్టు – డబ్బు బయటికి

కౌన్సెలింగు జూన్ 28న మొదలైంది. ప్రాసెసింగ్ ఫీజు 1,200, ఎస్సీ, ఎస్టీలకు 600. సీటు వచ్చాక గడువులోపు ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నట్టు పోర్టల్‌లో తెలపడం) చేయాలి, చేయకపోతే సీటు దానంతటదే రద్దవుతుంది. గడువు కొద్ది రోజులే, మధ్యలో ఆదివారం కూడా ఉండవచ్చు. అందుకే నిధి డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉండకూడదు, ఇద్దరు సంతకందారుల్లో ఒకరు ఊళ్లో లేకపోయినా ఆగకూడదు. మూడో సంతకందారు పేరు జూన్‌లోనే బ్యాంకులో చేర్పించాలి.

బల్ల పనికి, ఈ సీజనుకు ఇక్కడే ముడి. ల్యాప్‌టాప్‌లు బాగా అమ్ముడయ్యేది ఆగస్టు, సెప్టెంబరులో, కొత్త పిల్లలు క్లాసుల్లో కుదురుకున్నాక. నిధికి డబ్బు కావాల్సింది జూలైలో. కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో సంస్థలకు, కోచింగ్ సెంటర్లకు, చిన్న ఆఫీసులకు టోకున, యంత్రానికి కొన్ని వందలు తగ్గించయినా సరే, నిల్వలో సగం అమ్మేయాలి. ఆగస్టు లాభం కోసం సరుకు పట్టుకు కూర్చుంటే జూలైలో సీటు పోతుంది.

డబ్బు మూడు రకాలుగా ఇస్తాం. తిరిగి వచ్చే సాయం 12,000 వరకు: సీటు ఫీజు, హాస్టల్ కాషన్ డిపాజిట్, మొదటి నెల మెస్. తిరిగి ఇవ్వక్కర్లేనిది 4,000 వరకు: బస్ పాస్, రికార్డు పుస్తకాలు, మినీ డ్రాఫ్టర్, ల్యాబ్ కోటు, కాలిక్యులేటర్. మూడోది ల్యాప్‌టాప్, ఖర్చు ధరకే, వాయిదాల మీద, రెండో సెమిస్టరు నుంచి. మొదటి సెమిస్టరులో చాలా కోర్సులకు కాలేజీ ల్యాబు చాలు. ఆ డబ్బు మెస్‌కు అవసరం.

చెల్లింపు విద్యార్థి చేతికి కాక కాలేజీ లేదా హాస్టల్ ఖాతాకే నేరుగా. రసీదులో పద్దు చూడాలి. సీటు ఫీజును ‘ఇతర ఫీజులు’ కింద రాసిస్తే, రీయింబర్స్‌మెంట్ వచ్చాక ఆ డబ్బు వెనక్కి అడగడానికి ఆధారం ఉండదు. ‘ట్యూషన్ ఫీజు’ అని, అలాట్‌మెంట్ నంబరుతో రాయించుకోవాలి. రసీదు అక్కడే ఫొటో తీసి విద్యార్థి ఫైలులో పెట్టాలి. తర్వాతి విడతలో మంచి సీటు వచ్చే వీలున్నంతవరకు మొదటి కాలేజీకి హాస్టల్, బస్సు, యూనిఫాం డబ్బులు కట్టొద్దు. సీటు వదిలేస్తే యూజీసీ 2018 నిబంధన అడ్మిషన్ల ఆఖరి తేదీని బట్టి లెక్కకడుతుంది: ఆఖరి తేదీకి 15 రోజులు లేదా అంతకన్నా ముందు 100 శాతం (ప్రాసెసింగ్ ఖర్చు పోగా), 15 రోజులకన్నా తక్కువ ముందు 90, తర్వాతి 15 రోజుల్లో 80, 30 రోజుల్లోపు 50, ఆపైన సున్నా. రద్దు ఉత్తరం తేదీతో ఇచ్చి అందినట్టు సంతకం తీసుకోవాలి.

సర్టిఫికెట్ల ఒరిజినల్స్ కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని అదే నోటిఫికేషన్ చెబుతోంది. చూసి, సరిపోల్చి ఇచ్చేయాలి. ఇచ్చేయని చోట కనీసం ఏయే పత్రాలు ఇచ్చామో జాబితా మీద కాలేజీ ముద్ర వేయించుకోవాలి. మేం కూడా ఎవరి దగ్గరా సర్టిఫికెట్లు గానీ, ఖాళీ చెక్కులు గానీ హామీగా తీసుకోం. పిల్లల మెడ మీద ఉన్న బరువును దింపడానికి పెట్టిన నిధి ఇంకో బరువు కాకూడదు.

తిరిగి ఇచ్చే ఒప్పందం ఒకే పేజీ, తెలుగులో, వడ్డీ లేదు. రీయింబర్స్‌మెంట్ చేతికొచ్చిన నెలలో, లేదా చదువు అయి సంపాదన మొదలయ్యాక వాయిదాల్లో. ఒకరు కట్టలేకపోతే ఆ భారం ఇంకొకరి మీద పడదు. దీని వెనక ఒక చరిత్ర ఉంది. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం 1971లో ఫీజు వాయిదా పథకం పెట్టింది. ఒక బృందం విద్యార్థులంతా తమ ఆదాయంలో కొంత శాతం, బృందం అప్పు మొత్తం తీరేదాకా కట్టాలి. కట్టనివాళ్ల బాకీ కట్టేవాళ్ల మీద పడింది. 1978కి కొత్తవాళ్లను తీసుకోవడం ఆపేశారు, 2001లో మిగిలిన బాకీలు రద్దు చేశారు. ఆదాయంలో వాటా అడిగే పద్ధతి ఆకర్షణీయంగా ఉన్నా, నెలకు 15 వేల జీతంతో మొదలయ్యే మన డిగ్రీ విద్యార్థికి అది నప్పదు. ఎంత తీసుకున్నాడో అంతే, ఎవరిది వాళ్లదే.

పెద్ద మొత్తం కావాల్సినవాళ్లను బ్యాంకు దారి పట్టిస్తాం. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపికైన సంస్థల్లో చేరినవాళ్లకు హామీ, తాకట్టు లేని రుణం దొరుకుతుంది. 8 లక్షల లోపు ఆదాయం ఉన్నవాళ్లకు 10 లక్షల వరకు రుణం మీద 3 శాతం వడ్డీ రాయితీ. ఆ జాబితాలో కాలేజీ పేరు ఉందో లేదో ఆప్షన్లు పెట్టేముందే చూడాలి.

సెప్టెంబరు – ఈపాస్, ఎన్‌ఎస్‌పీ (రాష్ట్ర, కేంద్ర స్కాలర్‌షిప్ పోర్టళ్లు)

ఈపాస్ దరఖాస్తు పెట్టి, మీసేవలో వేలిముద్ర వేసి, కాగితాలు కాలేజీలో ఇస్తేనే పని పూర్తయినట్టు. వేలిముద్ర వేయకుండా వదిలేసిన దరఖాస్తులు చూడ్డానికి ‘రిజిస్టర్డ్’ అనే ఉంటాయి, ముందుకు కదలవు. హాజరు 75 శాతం దాటాలి.

ఆధార్ లింకు, ఆధార్ సీడింగ్ ఒకటి కావు. సర్కారు డబ్బు ఆధార్ నంబరుతో పంపితే ఎన్‌పీసీఐ (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) జాబితాలో చివరిసారి కలిపిన ఖాతాకే వెళ్తుంది. ఎవరో మొబైల్‌లో తెరిపించిన పాత ఖాతా చివరిదైతే డబ్బు అక్కడికే పోతుంది. మై ఆధార్ సైటులో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ చూసి, కావాల్సిన బ్యాంకులో ఫారం ఇచ్చి మార్పించాలి. పూర్తి కేవైసీ లేని చిన్న ఖాతా అయితే నిల్వ 50 వేలు, ఏడాది జమ లక్ష దాటకూడదు. స్కాలర్‌షిప్ పెద్దదైతే జమ తిరస్కరిస్తారు. కేవైసీ చేయించడం ఒక్క పూట పని.

ఎస్సీ విద్యార్థులకు 2021–22 నుంచి కేంద్ర వాటా 60 శాతం నేరుగా విద్యార్థి ఖాతాకు వస్తుంది. అందులో కాలేజీకి కట్టాల్సిన భాగం ఉంటుందని ఇంట్లో ముందే చెప్పాలి. తెలియక ఖర్చయితే ఏడాది చివర్లో కాలేజీ బాకీ అడుగుతుంది.

ఇతర దారులు: ఏఐసీటీఈ (సాంకేతిక విద్య చూసే కేంద్ర మండలి) ఇచ్చే ప్రగతి కింద సాంకేతిక కోర్సుల్లో చేరిన ఆడపిల్లలకు ఏటా 50,000, స్వనాథ్ కింద అనాథ పిల్లలకు అంతే, సక్షమ్ కింద దివ్యాంగులకు అంతే. కేంద్ర కాలేజీ స్కాలర్‌షిప్ డిగ్రీలో ఏటా 12,000, కానీ ఇంకో స్కాలర్‌షిప్ తీసుకుంటే ఇది రాదు. ఏది ఎంచుకుంటే ఎక్కువ నికరంగా మిగులుతుందో ఆ ఏడాది నోటిఫికేషన్ చదివి లెక్క కట్టాకే దరఖాస్తు.

అక్టోబరు – ర్యామ్ ధర

తయారీదారులు డీడీఆర్4 (మా ల్యాప్‌టాప్‌లలో వాడే ర్యామ్ రకం) తయారీ తగ్గించుకోవడం, ఏఐ డేటా సెంటర్ల గిరాకీ కలిసి ర్యామ్ ధరలను పైకి లేపాయి. మా లెక్కలో 8 జీబీ ముక్క 1,500 నుంచి 3,000 అయితే యంత్రానికి మిగులు 2,200 నుంచి 700కి పడిపోతుంది. నిధికి ఇది పెద్ద దెబ్బ. తీసుకున్న నిర్ణయాలు: 8 జీబీతో వచ్చిన యంత్రాన్ని అలాగే అమ్మడం, రెండో స్లాటు ఖాళీగా ఉందని చీటీ మీద రాయడం, 16 జీబీ కావాలంటే ఆ రోజు ధర విడిగా తీసుకోవడం. బోర్డు పోయిన యంత్రాలను తుక్కుకు పంపేముందు వాటి ర్యామ్, స్క్రీన్, కీబోర్డు తీసి పరీక్షించి నిల్వ చేస్తున్నాం. ఇప్పుడు కొనే లాటులో ర్యామ్ ఉందా అన్నదే మొదటి ప్రశ్న. కొందరు అమ్మకందారులు ముందే తీసేసి పంపుతున్నారు.

నవంబరు – తిరిగి వచ్చే డబ్బు

రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద తెలంగాణ ప్రైవేటు కాలేజీలు నవంబరు 3 నుంచి బంద్ పాటించాయి. బకాయి ఉన్నంతకాలం కాలేజీ విద్యార్థిని అడుగుతుంది, చివరి ఏడాది పిల్లలకు సర్టిఫికెట్లు ఆపుతుంది. తిరిగి రావాల్సిన సాయం ఆ మేరకు ఆలస్యమవుతుంది. కాబట్టి నిధిని మూడు భాగాలు చేశాం: వచ్చే జూలైకి పక్కన పెట్టేది సగం, బయట తిరుగుతున్నది, ఉద్యోగం చేతికొచ్చినా సర్టిఫికెట్ లేక చేరలేకపోతున్న చివరి ఏడాది పిల్లల కోసం ఒక చిన్న వాటా. ఈ మూడో దానికి ముందు కాలేజీకి ఉత్తరం: విద్యార్థి కన్వీనర్ కోటా, ఈపాస్ నంబరు ఇది, బకాయి ప్రభుత్వానిది, ఆఫర్ లెటర్ ప్రతి జత చేశాం, ఫలానా తేదీలోపు ఒరిజినల్స్ ఇవ్వండి. చాలా చోట్ల ఉత్తరం, ఒక పూట ప్రిన్సిపాల్ గారి దగ్గర కూర్చోవడం సరిపోతాయి. అక్కడా కదలకపోతే కట్టి విడిపించి, ‘రీయింబర్స్‌మెంట్ జమ కాగానే వాపసు’ అని రసీదు వెనక రాయించుకుంటాం.

డిసెంబరు జాబితా: ఈపాస్‌లో ఇంకా కాలేజీ స్థాయిలో ఆగిన దరఖాస్తులు విద్యార్థి వారీగా తీయాలి. అందరి సీడింగ్ స్టేటస్ మళ్లీ చూడాలి. జనవరి లాటు కోసం రెండు కంపెనీల ఐటీ విభాగాల నుంచి ఆటోపైలట్ తొలగింపు ఉత్తరం, ర్యామ్ ఉన్నట్టు సీరియల్ వారీ జాబితా తెప్పించాలి. బ్యాంకులో మూడో సంతకందారు కేవైసీ గడువు మార్చిలో ముగుస్తుంది, ఇప్పుడే కొత్తది ఇవ్వాలి.